మీర్ మోమిన్ దాయెరాలో మా రికార్డ్ సాబ్

“అంకుల్, అబ్బా ఖబర్ ఎక్కడుందో మీరొక నక్షా గీసి పంపగలరా? నేనొచ్చే టైముకి తమ్ముడు ఊళ్లో ఉండడు. ఎవర్నీ అడగకుండా నేనే పోగలగాలి.”

మా రికార్డ్ సాబ్ పెద్దకొడుకు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. ఖబర్ అంటే సమాధి. వాడుండేది కెనడాలో. తండ్రి పోయినప్పుడు టికెట్ దొరక్క రాలేకపోయాడు. ఇప్పుడు సెలవు దొరికింది.

నేను 33 ఏళ్లు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పొలాలు గీశాను, చెరువు శిఖాలు గీశాను, రోడ్డు వెడల్పులో పోయే ఇళ్లు గీసి ఆ ఇళ్లవాళ్ల శాపనార్థాలు కూడా తిన్నాను. ఆరడుగుల జాగాకి నక్షా గీయమని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. సరేనన్నాను. అన్నాక గుర్తొచ్చింది, అక్కడికి నేను వెళ్లింది రెండేసార్లు. రెండుసార్లూ ఎవరో ఒకరి వెనకాల నడుచుకుంటూ పోయినవాణ్ణే.

ముందు రికార్డ్ సాబ్ గురించి చెప్పాలి. ఆయన అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. రికార్డ్ రూములో కూర్చుంటాడు కాబట్టి రికార్డ్ సాబ్. నిజాం కాలం నాటి భూమి రికార్డులు, సేత్వార్లు, టిప్పన్లు, ఫైసల్ పట్టీలు, గుడ్డ బస్తాల్లో కట్టి ఉండేవి. అన్నీ ఉర్దూలో, అదీ చెయ్యి ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు రాత. నాలాగా నల్గొండ జిల్లా నుంచి వచ్చిన తెలుగు మీడియంవాళ్లకి అది సిరాలో పడి లేచిన చీమ పాకినట్టు కనిపించేది. సాబ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని దాదాపు ముక్కుకి ఆనించుకుని చదివేవాడు. “ఫలానా, వల్ద్ ఫలానా...” వల్ద్ అంటే కొడుకు. పట్టాదారు పేరు, పక్కనే వాళ్ల నాన్న పేరు. ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకునేవాణ్ణి. అట్లా ఇరవై ఏళ్లు ఎవరెవరి నాన్నల పేర్లో రాశాను గానీ ఆయన నాన్న పేరేంటని ఒక్కసారి కూడా అడగలేదు.

నన్ను ‘పటేలా’ అని పిలిచేవాడు. మాకు ఊళ్లో సెంటు భూమి లేదని తెలిసే ఆ వేళాకోళం. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఆయన టమాట కట్ నాకు, మా ఆవిడ చింతకాయ తొక్కు ఆయనకి. మొహర్రం వస్తే రెండు నెలల ఎనిమిది రోజులు నల్ల షర్టులే. ఆ రోజుల్లో ఎవరింట్లో పెళ్లయినా వచ్చేవాడు కాదు. మా చెల్లి పెళ్లి సరిగ్గా అప్పుడే పడింది. రాలేదని నేను మొహం మాడ్చుకుని వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, ఇరాక్‌లోని కర్బలాలో ఇమాం హుస్సేన్‌ని చంపిన కథంతా చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. నాకేమీ తోచలేదు. మా ఊళ్లో పీర్ల పండుగంటే డప్పులు, అలాయి చుట్టూ ఎగరడం, మలీద ముద్దలు. మా నాయన పీరు ఎత్తుకునేవాడు కూడా. “మాకు పండుగ, మీకు ఏడుపు, ఇదెట్లా సాబ్?” అన్నాను. “పండుగ చేసినా, ఏడ్చినా, యాద్ చేసుకున్నారు గదా పటేలా” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

ఆయన పోయింది మూడేళ్ల కింద, సంక్రాంతి వెళ్లిన వారం. పొద్దున ఫోనొచ్చింది, మధ్యాహ్నం నమాజు తర్వాత దాయెరాకి, అంటే శ్మశానానికి, తీసుకెళ్తారని. ఏ దాయెరా అంటే, “మీర్ మోమిన్ దాయెరా, సుల్తాన్‌షాహీలో” అన్నాడు చిన్నకొడుకు. బండి తీసుకుని బయల్దేరాను. తాలాబ్‌కట్ట దాకా తెలుసు. ఆ పేరంటే నాకు మొదట్నించీ ఇష్టం, తాలాబ్ వాళ్లది, కట్ట మనది. అక్కడొకప్పుడు మీర్ జుమ్లా చెరువు ఉండేది. ఇప్పుడు కట్ట పేరే మిగిలింది, చెరువు నిండా ఇళ్లు. అక్కడి నుంచి సందులో సందు. పాతబస్తీ షీట్లు ఎన్ని ట్రేస్ చేశానో లెక్కలేదు. 1908 మూసీ వరద తర్వాత మన్ అనే ఇంజనీరు ఇల్లిల్లూ కొలిపించి వేయించిన మ్యాపులు మా వృత్తిలో వాళ్లకి వేదం లాంటివి. వాటి మీద వేలు పెట్టి ఏ సందు ఎక్కడ కలుస్తుందో చెప్పగలను. బండి మీద మాత్రం రెండుసార్లు ఒకే ఇరానీ హోటల్ ముందుకొచ్చి తేలాను.

చేరేసరికి గోతి తవ్వడం అయిపోయింది. ఒక పక్కన మట్టి కుప్ప, ఇంకో పక్కన రాతి పలకలు. నేను దూరంగా నిలబడ్డాను. చిన్నవాడొచ్చి చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు.

ఆ తర్వాత జరిగింది నేను ముందెప్పుడూ చూడలేదు. సాబ్‌ని లోపల కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టాక ఒకాయన గోతిలోనే ఉండిపోయాడు. వంగి, తెల్లగుడ్డ మీదుగా సాబ్ రెండు భుజాలూ పట్టుకున్నాడు. పైనుంచి ఇంకొకాయన అరబ్బీలో చదవడం మొదలుపెట్టాడు. “ఇస్మా, ఇఫ్‌హమ్...” విను, అర్థం చేసుకో అని. ఆ మాటల తర్వాత సాబ్ పేరు, ఇబ్న్ అని, వాళ్ల నాన్న పేరు. పేరు వచ్చినప్పుడల్లా లోపలున్నాయన భుజాలు పట్టి కదిపేవాడు, పొద్దెక్కినా లేవని పిల్లవాణ్ణి లేపినట్టు. మూడుసార్లు. నీ దేవుడెవరు, ప్రవక్త ఎవరు, ఇమాములు ఎవరెవరు, అడిగితే ఇట్లా జవాబు చెప్పు అని పాఠం. తల్ఖీన్ అంటారట. నాకు మాత్రం ‘ఫలానా, వల్ద్ ఫలానా’ అని రికార్డ్ రూములో వినిపించే గొంతే చెవిలో మోగింది. సాబ్ వాళ్ల నాన్న పేరు అట్లా, అప్పుడు, మొదటిసారి విన్నాను.

పలకలు పేర్చాక మట్టి వెయ్యాలి. అందరూ ముందుకి జరిగారు గానీ కొడుకు జరగలేదు. సొంతవాళ్లు వెయ్యకూడదట. మనసు గట్టిపడుతుందని. బయటివాళ్లే వెయ్యాలి. నేను దోసిలి పట్టబోతే పక్కనున్న ముసలాయన నా చెయ్యి తిప్పాడు. అరచేత్తో కాదు, చెయ్యి వెనకభాగంతో తొయ్యాలి. ఎర్రటి మొరం, చిన్న చిన్న రాళ్లు గుచ్చుకున్నాయి. దిబ్బ లేచాక నీళ్లు చల్లారు. తడి మట్టిలో అందరూ వేళ్లు విడదీసి గుచ్చి ఏదో చదువుకున్నారు. నేనూ గుచ్చాను. చదవడానికి నాకేం వస్తుంది? ఐదు వేళ్ల గుంటలు పడ్డాయి. మా ఆఫీసులో పంచనామా మీద సంతకం రానివాళ్లు వేసే నిశానీ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మం బయట బకెట్ నీళ్లు పెట్టి ఉంచింది. నెత్తిన పోసుకుని లోపలికెళ్లాను.

మూడోరోజు జియారత్‌కి, అంటే సమాధి దర్శనానికి, మళ్లీ పిలిచారు. అప్పుడు తీరిగ్గా చుట్టూ చూశాను. నా రోగం నాది కదా, చిన్నవాణ్ణి అడిగాను, “ఈ జాగా ఎవరిది?”

“మీర్ మోమిన్ సాబ్‌ది.”

“పట్టా ఆయన పేరు మీదుందా?”

వాడు నన్ను వింతగా చూశాడు. “అంకుల్, ఆయన పోయి 400 ఏళ్లయింది.”

ఆ 400 ఏళ్ల నాటి పట్టాదారు గురించి తర్వాత నేను చదివింది, ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చార్మినార్ కట్టిందెవరంటే మూడో క్లాసు పిల్లవాడు కూడా కులీ కుతుబ్ షా అంటాడు. 1591లో ఆ ఊరికి గీత గీసిన మనిషి పేరు అడిగితే నేనే చెప్పలేకపోయేవాణ్ణి. అదీ 33 ఏళ్లు గీతలు గీసే కొలువు చేసి.

మీర్ మొహమ్మద్ మోమిన్ ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం దగ్గరి అస్తరాబాద్‌వాడు. సయ్యదు, పండితుడు, ఫారసీ కవి. అక్కడి పాదుషా షా తహ్‌మాస్ప్ కొడుకు హైదర్ మీర్జాకి చదువు చెప్పేవాడు. 1576లో తహ్‌మాస్ప్ పోగానే గద్దె కోసం కొట్లాటలో ఆ హైదర్‌ని చంపేశారు. కొత్త పాదుషా కింద బతకడం కష్టమని మోమిన్ దేశం విడిచాడు. 1581లో గోల్కొండ చేరాడు. మన తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పొగిడిన ఇబ్రహీం కుతుబ్ షా అంతకు ముందు సంవత్సరమే పోయాడు. గద్దె మీద పదిహేనేళ్ల కుర్రాడు మొహమ్మద్ కులీ. నాలుగైదేళ్లలో మోమిన్ పేష్వా అయ్యాడు, అంటే ప్రధానమంత్రి. 1612లో మొహమ్మద్ కులీ పోయాక అల్లుడు సుల్తాన్ మొహమ్మద్ వచ్చినా ఈయన కదల్లేదు. 1625లో పోయేదాకా ఇక్కడే.

ఊరికి హైదరాబాద్ అని పేరు పెట్టింది ఇమాం అలీ మీద. అలీకి హైదర్ అని బిరుదు. భాగమతి కథ వేరే ఉంది, దాని జోలికి నేను పోను, కామెంట్లలో కొట్టుకుంటారు. కానీ నాకొకటి అనిపిస్తుంది. తన చేతి కింద చదువుకుని కత్తికి బలైన కుర్రాడి పేరు కూడా హైదరే. ఊరి పేరు పలికిన ప్రతిసారీ ఆ పంతులికి ఏం గుర్తొచ్చి ఉంటుంది? ఇది చరిత్ర కాదు, నా ఊహ. తీసేయమంటే తీసేస్తాను.

హైదరాబాద్‌ని ఇస్ఫహాన్ చూసి కాపీ కొట్టారని చాలామంది రాస్తారు. నేనూ నమ్మాను, తారీఖులు చూసేదాకా. షా అబ్బాస్ రాజధానిని ఇస్ఫహాన్‌కి మార్చింది 1598లో. అందరూ ఫొటోలు పెట్టే ఆ పెద్ద మైదాన్ కట్టింది ఆ తర్వాతే. మన చార్మినార్ అప్పటికే ఏడేళ్లది. ఇరాన్ నుంచి వచ్చినవాడి బుర్రలో ఇరాన్ తోటలు, నాలుగు భాగాల పద్ధతి ఉండి ఉంటాయి, కాదనను. రెండు రోడ్లు నాలుగు దిక్కులకీ నిలువుగా అడ్డంగా వేసి, కలిసిన చోట చార్మినార్ నిలబెట్టడం మాత్రం ఇస్ఫహాన్ చూసి గీసిన గీత కాదు. తూనికలు, కొలతల మీద ఆయన ఫారసీలో ఒక చిన్న గ్రంథం కూడా రాశాడని తెలిశాక నాకు ఆయన మా ఆఫీసువాడే అనిపించాడు.

అట్లా ఊరు లేచింది. ఊరితోపాటు ఇరాన్, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు, వర్తకులు, సిపాయిలు, పండితులు, రంగుల మెరుపు పలకలు అతికే పనివాళ్లు. పెద్ద గుంపేమీ కాదు. ఈ ఊరి జనంలో చారెడు. వాళ్లకి ఇక్కడ తాతముత్తాతల సమాధులు లేవు. రాజులకైతే కోట దగ్గర గుంబజులున్నాయి. మిగతావాళ్లు పోతే ఎక్కడ? మోమిన్ సొంత డబ్బుతో ఈ నేల తీసుకుని శ్మశానానికి వదిలేశాడు. నజఫ్ నుంచి వచ్చిన షా చిరాగ్ అనే ఫకీరు సమాధి అప్పటికే అక్కడుందని, ఆ పుణ్యం చూసే ఆ చోటు ఎంచుకున్నాడని అంటారు. దాయెరా అంటే గుండ్రం, వలయం. మొదట్లో షియాలూ సున్నీలూ అందరికీ. ఇప్పుడు ఎక్కువగా షియాలది. ఆయనా చివరికి అక్కడే పడుకున్నాడు.

ఇక మట్టి సంగతి. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఈ నేలంతా చల్లించాడని తరతరాలుగా చెప్పుకుంటారు. సాబ్ చిన్నకొడుకు కూడా అదే చెప్పాడు. నేను ఊరుకుంటానా? రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. ఒక ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఒక్క అంగుళం మందాన పరిస్తే 3,630 ఘనపుటడుగుల మట్టి. ఘనపుటడుగుకి 45 కిలోలు వేసుకున్నా 163 టన్నులు. అప్పట్లో గోల్కొండ రేవు మచిలీపట్నం. అక్కడ దిగిందే అనుకుంటే, ఎద్దుబండికి అర టన్ను చొప్పున ఒక్క ఎకరానికి 326 బండ్లు. దాయెరా ఒక్క ఎకరం కాదు. మర్నాడు ఈ లెక్క చెప్తే వాడు నవ్వలేదు, కోప్పడలేదు. “చిటికెడు చాలు అంకుల్” అన్నాడు. “మేము ప్రతి మయ్యత్‌తో పాటు కొంచెం ఖాకె షిఫా పెడతాం. కర్బలా మట్టే. అబ్బాకి కూడా పెట్టాం. 2009లో ఆయనే తెచ్చుకున్నాడు, అల్మారాలో జాజికాయ డబ్బీలో దాచుకున్నాడు.”

నా లెక్క తప్పిందెక్కడో అప్పుడు తెలిసింది. నేను మట్టంతా ఒకేసారి బండ్ల మీద వచ్చిందనుకున్నాను. అది 400 ఏళ్లుగా డబ్బీల్లో వస్తూనే ఉంది.

ఇంకో సంగతి తెలిసి నాకు నోట మాట రాలేదు. నేను 41 ఏళ్లుగా అడ్రసులో ‘సైదాబాద్’ అని రాస్తున్నాను. కరెంటు బిల్లు మీద, పిల్లల సర్టిఫికెట్ల మీద, శుభలేఖల మీద. సయ్యద్‌ల ఊరు కాబట్టి సైదాబాద్ అని సాబే ఒకసారి చెప్పాడు, నేను తలూపి టీ తాగాను. ఆ సయ్యదు ఈ మోమినే. ఊరు పెట్టి, అక్కడొక మసీదు కట్టించాడు. మీర్‌పేట కూడా ఈ మీర్ పేరుదే. మా చిన్నల్లుడు ఫ్లాటు కొన్నది అక్కడ. వాడికి చెప్తే “ఔనా మామయ్యా, నీళ్ల ట్యాంకరు సంగతి కూడా ఆయన్నే అడగండి” అన్నాడు.

మళ్లీ మొన్నటి ఆదివారానికొస్తాను. 30 మీటర్ల టేపు, పాత ఇత్తడి కంపాసు, ఒక రైటింగ్ ప్యాడ్ సంచిలో పెట్టుకుంటుంటే మా ఆవిడ, “శ్మశానానికి టేపు పట్టుకుని పోయే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా” అంది. టేపు రెండో కొస పట్టుకోడానికి మనవణ్ణి తీసుకెళ్దామనుకున్నాను గానీ ఆ మాట నోట్లోంచి రాకముందే ఆవిడ చూపు పడింది. ఒక్కణ్ణే పోయాను.

గేటు లోపలి మూలలో మేకుకి టేపు తగిలించి లాగడం మొదలుపెట్టానో లేదో, కాపలా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. “క్యా సాబ్, రోడ్ పడ్‌రహా క్యా?” వెనకాల ఇంకో నలుగురు. పాతబస్తీలో టేపు పట్టుకున్నవాడంటే ఎట్లాంటి భయమో నాకు తెలియంది కాదు. ఆ భయంలో నా వాటా కూడా ఉంది. రోడ్డు కాదు, ఖబర్ నక్షా అని చెప్తే ముందు నమ్మలేదు. కెనడా నుంచి వచ్చిన మెసేజ్ చూపించాను. చదివి, ఆయనే టేపు రెండో కొస పట్టుకున్నాడు.

పాతికేళ్లు ఈ పని చేస్తున్నాడట. అటూ ఇటూ జరుగుతుంటే ఎవరెవరు ఎక్కడున్నారో చెప్తూ వచ్చాడు, మా రికార్డ్ సాబ్ బస్తాలు చూపించినట్టే. అటు సాలార్‌జంగ్ ఖాందాన్ అన్నాడు. ఆ వైపు తిరిగి ఒక నిమిషం నిలబడ్డాను. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883లో కలరాతో పోయేదాకా నిజాంకి దివాన్, అంటే ప్రధానమంత్రి. 1865లో జిలాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పాటు చేసింది ఆయనే. అంటే మా శాఖకి తాత. నేను జీవితమంతా గీసిన తాలూకా హద్దులకి మొదటి గీత ఆయనది. మ్యూజియం సాలార్‌జంగ్ ఆయన మనవడు, 1949లో పోయాడు, ఆయనా ఇక్కడే. వాళ్ల పూర్వీకుల్లో మీర్ ఆలం కూడా ఇక్కడే. మీర్ ఆలం చెరువు కట్ట చూశారా? జూపార్కు వెనక, 21 కమాన్లు నీళ్ల వైపు పొట్ట పెట్టుకుని వరసగా ఉంటాయి. ట్రైనింగ్‌లో ఉండగా దాని వంపు గీయమని మాకు ఇచ్చారు. మూడు షీట్లు పాడుచేశాను.

“గానేవాలే భీ హై” అన్నాడు కాపలా ఆయన. పాటలాయన. బడే గులాం అలీ ఖాన్. పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో, దేశం రెండయ్యాక కొన్నేళ్లకి ఇక్కడి పౌరుడయ్యాడు, 1968లో పోయింది మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. ఆయన ఇక్కడున్నాడని నాకు తెలీదు. సాబ్ పాత టేప్‌రికార్డర్‌లో రోజూ మధ్యాహ్నం వినేది ఆ గొంతే. నేను “ఎంతసేపు సాబ్ ఈ ఆ... ఆ...” అని విసుక్కునేవాణ్ణి. ఆ సమాధి దగ్గర్నించి మా సాబ్ దాకా కొలవాలనిపించింది. మధ్యలో అన్నీ సమాధులే, టేపు సాగలేదు.

మా సాబ్‌కి గేటు మూల నుంచి 47.60 మీటర్లు, అక్కడి నుంచి ఎడమకి 6.15 మీటర్ల ఆఫ్‌సెట్. సరిచూసుకోడానికి వేపచెట్టు కాండం నుంచి ఇంకో కొలత, 9.30. చిన్నవాడు నల్లరాయి పెట్టించాడు, పేరూ తండ్రి పేరూ తారీఖూ ఉర్దూలో. చదవలేను గానీ ‘వల్ద్’ ఎట్లా ఉంటుందో గుర్తుపట్టాను.

కంపాసు తీసింది అక్కడే. చిన్నప్పుడు ఉత్తరానికి తల పెట్టి పడుకుంటే మా నాయనమ్మ చెవి మెలిపెట్టి లేపేది. దాయెరాలో అందరి తలలూ ఉత్తరానికే. కుడి పక్కకి తిరిగి పడుకుంటే మొహం మక్కా వైపుండాలి కదా, మనకి మక్కా పడమర. కంపాసు పెట్టి చూస్తే సాబ్ తల సరిగ్గా ఉత్తరానికి లేదు, కొంచెం తూర్పుకి జరిగి ఉంది. తవ్వినవాళ్ల పొరపాటేమో అనుకుని ఇంటికొచ్చి లెక్క చూశాను. పొరపాటు నాదే. హైదరాబాద్ నుంచి మక్కా నిక్కచ్చిగా పడమర కాదు, 12 డిగ్రీల పైచిలుకు ఉత్తరానికి ఉంటుంది. కంపాసు లేకుండా, పార పట్టుకుని, ఆ 12 డిగ్రీలు వాళ్లకి ఎట్లా కుదిరాయో నాకర్థం కాలేదు.

బయల్దేరబోతుంటే బుర్ఖాలో ఒక ముసలమ్మ దగ్గరికొచ్చింది. ఇందాకట్నించి చూస్తూ ఉందట. “బాబూ, మా ఆయనది కూడా రాయవా? రాయి పెట్టించలేదు. నా కొడుకులకి చోటు యాదుండదు.” ఆమెది రాసేసరికి ఇంకొకాయన. చివరికి ఎనిమిది సమాధులు కొలిచాను. చీకటి పడింది. కాపలా ఆయన చాయ్ తెప్పించాడు.

ఇంట్లో ట్రేసింగ్ షీటు మిగిలి ఉంటే దాని మీద నల్ల ఇంకుతో గీశాను. గేటు, వేపచెట్టు, ఎనిమిది దీర్ఘచతురస్రాలు, కొలతలు, స్కేలు. మా సాబ్‌ది మాత్రం ఎర్ర ఇంకు. ఫొటో తీసి పంపాను. అక్కడ తెల్లవారాక జవాబొచ్చింది.

“చాలా థ్యాంక్స్ అంకుల్. కానీ నార్త్ ఎటో గీయలేదు?”

చూస్తే నిజమే. మా సూపరింటెండెంట్ ఉంటే షీటు మొహాన కొట్టేవాడు. బాణం గీసి మళ్లీ ఫొటో తీసే ఓపిక లేక టైపు చేశాను.

“అబ్బా తల వైపే. కాళ్ల దగ్గర నిలబడి, 12 డిగ్రీలు ఎడమకి తిరుగు.”